ధ్రువపు మంచులో దొరికిన సీసం

రెండు వేల ఇరవై మూడు, ఏప్రిల్ నెల. వికారాబాద్‌లో అనంతగిరి గుట్టల వైపు పోయే రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబులో నేను సీనియర్ అనలిస్టుని. మోమిన్‌పేట్ రైతుల బోరు నీళ్ళు, పూడూరు పొలాల మట్టి, కోళ్ళ దాణా, మందుల కంపెనీలు పంపే తెల్ల పొడులు, ఏది వచ్చినా అందులో ఏముందో, ఎంతుందో చెప్పడం మా పని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వచ్చిన నమూనాను చూసి నోరు తెరుచుకుని నిలబడిన సందర్భం ఒక్కటీ లేదు. ఆ ఏప్రిల్‌లో మాత్రం నిలబడ్డాను.

నా గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. నేను పుట్టి పెరిగింది తాండూరులో. మా నాన్న బండల పాలిషింగ్ యూనిట్లో పనిచేసేవాడు. నాపరాయి కోసే ఊళ్ళో దుమ్ము ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకే తెలుసు. కిటికీలు మూసినా, తలుపులు బిగించినా మంచం మీద, మంచినీళ్ళ బిందె మూత మీద, పుస్తకాల మీద తెల్లగా ఒక పొర. మా అమ్మ అన్నం పెట్టే ముందు కంచాన్ని రెండుసార్లు తుడిచేది. ఆ తుడిచే జబ్బు నాకూ అంటుకుంది. ల్యాబులో పిల్లలు నా వెనకాల నన్ను ‘చేతులు కడిగిన్రా మేడమ్’ అని పిలుచుకుంటారు. నాకు తెలుసు. పిలుచుకోనీ.

మా దగ్గర ఐసీపీ-ఎంఎస్ అనే మిషన్ ఉంది. నీళ్ళలాంటి నమూనాను సన్నటి తుంపరగా చేసి, సూర్యుడి పైభాగం కన్నా వేడిగా ఉండే ప్లాస్మా మంటలోకి పంపుతుంది. ఆ మంటలో పదార్థమంతా విడిపోతుంది. సోడియం వేరు, ఇనుము వేరు, సీసం వేరు. ఒక్కో మూలకాన్ని దాని బరువును బట్టి మిషన్ లెక్కపెడుతుంది. ఎంత తక్కువున్నా పట్టుకుంటుంది. పీపీబీ అనే కొలత వాడతాం మేము, అంటే వంద కోట్ల పాళ్ళలో ఒక్క పాలు. కొత్తగా చేరిన పిల్లలకు ఈ పీపీబీ అంటే ఏమిటో చెప్పడానికి నేను చాలా తంటాలు పడేదాన్ని. వాళ్ళు తలూపేవాళ్ళు గానీ నమ్మేవాళ్ళు కాదు.

ఒకరోజు హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. వాళ్ళ యూనివర్సిటీలో మిషన్ రిపేరులో ఉందట. తన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఆర్కిటిక్ వెళ్ళి, అక్కడి హిమనదాల మీది మంచు, లోపలి గడ్డలు తెచ్చిందట. వాటిలో ఏయే మూలకాలున్నాయో కొలవాలి, ఏయే బాక్టీరియా బతుకుతున్నాయో పెంచి చూడాలి. మా ల్యాబులో రెండు పనులకూ సదుపాయం ఉంది కాబట్టి మీరు చేస్తారా అని అడిగారు. నేను ‘చూస్తాం సార్’ అని గంభీరంగా అన్నాను. ఫోన్ పెట్టేశాక గట్టిగా చప్పట్లు కొట్టాను.

రెండు రోజుల తర్వాత, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, ఒక పెద్ద తెల్ల థర్మకోల్ పెట్టెతో ఆ అమ్మాయి దిగింది. పేరు భాగ్య. పొట్టిగా, చురుగ్గా, మోచేతుల దాకా ఎండకు కమిలిన చర్మంతో ఉంది. పెట్టె చుట్టూ నారింజ రంగు టేపు, దాని మీద విమానం కంపెనీల చీటీలు. ఆమె వెనకాలే ఒక యాభై ఏళ్ళ ఆవిడ, చంకలో రొట్టెల మూటతో.

“మా అమ్మ, మేడమ్. ఈరమ్మ. వద్దంటె కూడ తాండూరుల రైలెక్కి వచ్చింది. మంచు సూస్తదంట,” అంది భాగ్య, కాస్త సిగ్గుపడుతూ.

“బిడ్డ నేల లేని చోటికి పొయ్యొచ్చింది మేడమ్. అంత మంచేనంట. ఏం తెచ్చిందో ఒక్కపారి సూసి పోత,” అంది ఈరమ్మ.

వాళ్ళది బషీరాబాద్ దగ్గర పల్లె. గొర్రెలు కాసే కుటుంబం. ఈరమ్మ మాటల్లో అక్కడక్కడ కన్నడం కూడా దొర్లుతుంది. భర్త పోయాక ఆమే మందను చూసుకుంటోంది. భాగ్య చదువంతా గొర్రెల మీద వచ్చిన డబ్బుతోనే సాగింది. ఏడాదికి రెండుసార్లు గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లో ఎక్కడున్నా ఇంటికి పోయి కత్తెర పట్టుకునేదట.

ఈరమ్మను పెట్టె దగ్గర వరండాలో కూర్చోబెట్టి, ఫ్రీజరు ఖాళీ చేయడానికి, కాగితాలు పూర్తిచేయడానికి భాగ్యా నేనూ లోపలికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ఆమె పెట్టె పక్కనే, దాని మీద ఒక చెయ్యి వేసి, నిద్రపోయే పిల్ల పక్కన కూర్చున్నట్టు కూర్చుని ఉంది. మేం పెట్టెను లోపలికి తీసుకుపోయాం. భాగ్య గ్లౌజులు తొడుక్కుని టేపు ఊడదీసింది, మూత ఎత్తింది. తెల్లటి చల్లని ఆవిరి బల్ల మీదుగా జారింది. పైవరుసలో మంచు నింపిన ట్యూబులు. అడుగున మోచేయంత పొడవున్న మంచుకడ్డీలు, ఒక్కొక్కటీ సంచిలో చుట్టి ఉన్నాయి. ఎండాకాలం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. కరిగిపోతాయన్న తొందరలో ఆమె గబగబా ట్యూబులు తెరిచి, కడ్డీల సంచులు విప్పి చిన్న చిన్న ముక్కలు పరీక్షకు తీస్తుంటే, నేను పేర్లు రాసుకున్నాను. ఈరమ్మ తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడింది. తర్వాత రొట్టెల మూట మా చేతిలో పెట్టి సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది.

ఆ వారంలో భాగ్య నాకు చెప్పిన సంగతులు వింటుంటే నా పని నాకే కొత్తగా అనిపించింది. హిమనదం అంటే పైనుంచి చూసేవాళ్ళకు తెల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది గానీ, గాలిలో కొట్టుకొచ్చిన దుమ్ము దాని మీద పడుతుందట. నల్లటి దుమ్ముకు ఎండ తగిలి వేడెక్కి, కింది మంచును కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. అక్కడ గిన్నెంత గుంట ఏర్పడుతుంది. ఆ గుంట నీళ్ళలో, ఆ దుమ్ములో బాక్టీరియా కాపురం పెడతాయి. దుమ్ములోని ఇనుము, కాల్షియం వాటికి తిండి గింజలు. “మనం దుమ్మంటె ఛీ అంటం మేడమ్. ఆడ దుమ్ము పడ్డ కాడనె జీవం,” అంది. తాండూరు దాన్ని, దుమ్మును జన్మశత్రువుగా చూసినదాన్ని, ఆ మాటను నా నోటుబుక్కులో రాసుకున్నాను.

బాక్టీరియా కోసం కరిగించిన మంచునీళ్ళను పెట్రీ ప్లేట్లలో పోశాం. పెట్రీ ప్లేటు అంటే మూతున్న చిన్న గాజు పళ్ళెం, అడుగున జున్నులాంటి పోషకం. మామూలు బాక్టీరియాను వెచ్చగా పెట్టి పెంచుతాం, మర్నాటికే కనిపిస్తాయి. వీటిని ఫ్రిజ్‌లో పెట్టాం. ఇవి నింపాదిగా పెరుగుతాయి, వారాలు పడుతుంది. ఈలోగా మూలకాల పరీక్ష మొదలుపెట్టాను.

ఫలితం చూసి నా కళ్ళను నేనే నమ్మలేదు. సోడియం ఉంది, సముద్రం దగ్గర కాబట్టి ఉండాల్సిందే. కాల్షియం, ఇనుము, అల్యూమినియం ఉన్నాయి, దుమ్ము నుంచి. కానీ స్క్రీను మీది గ్రాఫులో సీసం గీత తాటిచెట్టులా లేచి నిలబడింది. మనుషులు లేని ఆ మంచులో మా పారిశ్రామికవాడ పక్క బోర్లలో ఉన్నంత సీసం!

మా ల్యాబు యజమాని గారు అప్పుడే అక్కడికి వచ్చి స్క్రీను చూశారు. “గిదేంది మేడమ్, ఉత్తర ధ్రువంల సీసమా? పేపర్ల పడ్తది! మన ల్యాబు పేరు కూడ రాయుమను,” అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. భాగ్య మాత్రం సంతోషించలేదు. స్క్రీను దగ్గరికి వంగి, “బ్లాంకు ఎంత వచ్చింది మేడమ్?” అని అడిగింది.

బ్లాంకు అంటే ఏమీ లేని నమూనా. ఆర్కిటిక్ వెళ్ళేటప్పుడు భాగ్య పరిశుద్ధమైన నీళ్ళు నింపిన ట్యూబొకటి వెంట తీసుకుపోయింది. మంచు ట్యూబులతో పాటే దాన్నీ అక్కడ తెరిచి, మూసి, అదే పెట్టెలో తెచ్చి, ఇక్కడా వాటితో పాటే తెరిచింది. దానిలో మంచు చుక్క కూడా లేదు. అందులో ఏదైనా కనిపించిందంటే అది మంచుది కాదు, చేతులదో, దారిదో, గాలిదో. ఆ బ్లాంకులోనూ సీసం ఉంది. మంచులో ఉన్నంత ఉంది.

“పోనీ, బ్లాంకు ఒక్కటె ఖరాబయిందేమో. దాన్ని పక్కకు పెట్టు,” అన్నారు యజమాని గారు ఆశ చావక.

“బ్లాంకును పక్కకు పెడితె ఇంక నా మాట ఎవరు నమ్ముతరు సార్?” అంది భాగ్య. గొంతు మెత్తగానే ఉంది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు నుంచి వేట మొదలైంది. నాకు ముందుగా మా ల్యాబు మీదే అనుమానం. కుళాయిలు, కొత్తగా వేసిన గోడ రంగు, రోడ్డు మీది లారీలు, జనరేటరు పొగ, దేన్నీ వదల్లేదు. కానీ నా బెంచి మీద, ఆ పెట్టె దగ్గరికే పోకుండా తయారుచేసిన మా ల్యాబు బ్లాంకు కడిగిన ముత్యంలా ఉంది. అంటే తప్పు మా గాలిలో లేదు, మా నీళ్ళలో లేదు. మరి అక్కడ, ఆర్కిటిక్‌లో ఏదైనా అంటుకుందా? భాగ్య తన జట్టులోని మిగతావాళ్ళను అడిగింది. అదే హిమనదం, అదే రోజు, అవే రకం ట్యూబులు. వాళ్ళవి వేరేచోట పరీక్షించారు. వాళ్ళ వాటిలో సీసం దాదాపు లేదు.

ఇక మిగిలింది ఒక్క పెట్టె, ఒక్క మనిషి. ప్రొఫెసర్ గారు మంచివారే, గద్దించలేదు. కానీ వచ్చే ప్రయాణంలో జట్టులోకి ఎవరిని తీసుకోవాలన్నది ఇంకా తేలలేదని, ఈ సంగతి తేలాకే భాగ్య పేరు గురించి మాట్లాడగలనని అన్నారట. నమూనాలు పాడుచేసుకునే మనిషిని అంత దూరం మళ్ళీ ఎవరు పంపుతారు? ఆ మంచును మళ్ళీ తేవడం అంగడికి పోయి ఉప్పు తెచ్చినంత సులువు కాదు. ఆమె రోజూ వచ్చేది, పని చేసేది, భోజనానికి మాత్రం లేచేది కాదు. ఒకనాడు కూర్చోబెట్టి అన్నం పెట్టాను.

“ఏం పరేషాన్ కాకు భాగ్యా. కారణం లేకుండ సీసం ఆకాశం నుంచి పడదు. దొరుకుతది.”

“దొరకకపోతె మేడమ్? నా చేతులనే అనుమానించుకుంట బతకాలె,” అని చేతులు చూసుకుంది. నేను ఆమె కంచంలో ఇంకాస్త అన్నం వేశాను.

ఈలోగా ఫ్రిజ్‌లోని ప్లేట్లు పలికాయి. మొదట చీమ కన్నంత చుక్కలు. తర్వాత రంగులు. పసుపు, గులాబీ, నారింజ, కొన్ని ముదురు ఎరుపు. మంచు మీద ఎండకు అడ్డం ఉండదు కాబట్టి ఆ జీవులు రంగును గొడుగులా కప్పుకుంటాయని భాగ్య చెప్పింది. ఇన్నేళ్ళలో నేను చూసిన బాక్టీరియా అంతా మురుగునీళ్ళది, చెడిపోయిన ఆహారానిది. పోల్చుకుని, పేరు రాసి, చంపెయ్యడమే. ఈ ప్లేట్లను మాత్రం రోజూ ఉదయం వచ్చీరాగానే తీసి చూసుకునేదాన్ని. గడ్డకట్టే చలిలో, తినడానికి చిటికెడు దుమ్ముతో, అంత అందంగా ఎలా బతుకుతున్నాయే మీరు అని వాటినే అడిగేదాన్ని.

ఆ రంగులు చూపించడానికే భాగ్య వాళ్ళమ్మను మళ్ళీ రమ్మంది. ఈరమ్మ ఈసారి జొన్నరొట్టెలతో పాటు పుంటికూర తొక్కు కూడా తెచ్చింది. చేతులు కడిగించి, బెంచి దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టాను. మూత తీయకుండా ప్లేటు ఆమె ముందు పెట్టాం.

“గివి పానమున్నయా?” అంది నమ్మలేక.

“ఉన్నయక్కా. ఒక్కో చుక్కల లక్షల మంది ఉంటరు,” అన్నాను.

“మరి గంత సలికి ఎట్ల బతుకుతయ్ చెల్లె? మా గొర్రెపిల్లలు సలికాలం మంచుకే బిగుసుకపోతయ్.”

“నెయ్యి సలికి గడ్డ కడ్తది, నూనె కట్టదు గదా. వీటి ఒంట్ల ఉన్న కొవ్వు నూనె లెక్కనే ఉంటది. బిగుసుకపోదు.”

ఈరమ్మ తల దగ్గరగా పెట్టి నారింజ చుక్కలున్న ప్లేటును చాలాసేపు చూసింది. మొహం విప్పారింది. “గిది అచ్చం బొట్టు లెక్కనే ఉన్నది గదా బిడ్డా. నీ డబ్బ మీద నేను పెట్టిన లెక్క.”

భాగ్య చేతిలోని పెన్ను ఆగిపోయింది. “ఏ డబ్బ మీదమ్మా?”

“గదే, ఎండల తెచ్చినవు సూడు, తెల్ల డబ్బ. నువ్వు, మేడమ్ లోపటికి పోయినప్పుడు. గంత దూరం పొయ్యొచ్చింది, ఎవరి దిష్టి తగిలిందో ఏమో అని మన ఊరి హనుమాన్ సింధూరం జరంత పెట్టిన. ఎందుకు?”

ఆర్కిటిక్ నుంచి వికారాబాద్ దాకా ఎన్ని అనుమానాలతో తిరిగొచ్చానో నేను! ఓడలు, విమానాలు, జనరేటర్లు, గోడ రంగులు. ఆ నారింజ టేపు మీద నారింజ రంగు సింధూరం ఎవరి కళ్ళకు కనిపిస్తుంది? సింధూరం చాలాచోట్ల సీసం కలిసిన పొడితోనే తయారవుతుంది. కెమిస్ట్రీ చదివిన నాకు ఆ సంగతి తెలియక కాదు. రోజూ గుడిముందు నుంచి నడిచిపోతూ కూడా ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

“ఇప్పుడు నీ దగ్గర ఉన్నదా అక్కా, ఆ సింధూరం?” అని అడిగాను.

ఈరమ్మ కొంగు ముడి విప్పి చిన్న పొట్లం తీసింది. అందులో చిటికెలో పదో వంతు తీసి, యాసిడ్‌లో కరిగించి, ఎన్నోసార్లు నీళ్ళు కలిపి పలచన చేసి మిషన్‌కి పెట్టాను. అంత పలచన చేసినా సీసం గీత గ్రాఫు దాటిపోయింది. పెట్టె మూతకు ఇంకా అంటుకుని ఉన్న టేపు ముక్కను తుడిచి పరీక్షిస్తే అక్కడా అదే.

మేమిద్దరం స్క్రీను ముందు నిలబడిపోయిన తీరు చూసి ఈరమ్మకు ఏదో అర్థమైంది. లేచి నిలబడింది. గొంతు తగ్గిపోయింది.

“నేను ఖరాబు చేసిన్నా బిడ్డా?”

నేను భాగ్య వైపు చూశాను. ఆమె కోప్పడినా నేను తప్పుపట్టేదాన్ని కాదు. భాగ్య వచ్చి తల్లి చేతులు రెండూ పట్టుకుంది.

“అమ్మా, ఇన్ని దినాల సంది నా మీద నాకే అనుమానం. ఏడ తప్పు చేసిన్నో తెల్వక నిద్ర పట్టలె. ఇయ్యాల తెలిసింది. టేపు ఊడదీసినంక గ్లౌజులు మార్చాలె. తొందరల నేను మార్చలె. అదే గ్లౌజులతోని మంచు ముట్టిన. నువ్వు బొట్టు డబ్బకు పెట్టినవ్. లోపలికి తీస్కపోయింది నేను.”

“అయితె ఇప్పుడు ఎట్ల? అంత దూరం పొయ్యి తెచ్చింది…”

“ఫికర్ చేయకు. కడ్డీలు ఉన్నయ్ గదా.”

నేనూ అప్పుడే ఆ మాట అనబోయాను. ట్యూబుల్లోని మంచు పోయినట్టే, దానికి చేయగలిగింది లేదు. కానీ మంచుకడ్డీలు గట్టివి. సీసం అంటుకుంటే పైపైనే అంటుకుని ఉంటుంది. పైపొరను శుభ్రమైన కత్తితో జాగ్రత్తగా గీకి పారేస్తే లోపలి మంచు ముట్టుకోనిదే కదా. అయితే గీకే చెయ్యి తొణక్కూడదు. లోతుగా పోతే మంచు వృథా, పైపైన పోతే మురికి మిగులుతుంది. ఒక్క పగులొచ్చినా బయటి మురికి లోపలికి జారుతుంది.

మందుల కంపెనీల కోసం కట్టిన కోల్డ్ రూము మా ల్యాబులో ఉంది. లోపల మైనస్ ఇరవై డిగ్రీలు. మర్నాడు ఉదయం భాగ్య రెండు స్వెట్టర్లు వేసుకుని, ఒకదాని మీద ఒకటి గ్లౌజులు తొడుక్కుని, సిరామిక్ కత్తులతో లోపలికి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. ఈరమ్మ ముందు రాత్రి మా ఇంట్లోనే ఉండి, పొద్దున నాతోనే వచ్చింది. తలుపుకున్న చిన్న అద్దం దగ్గర నిలబడింది.

ఆ పని చూడడం నా అదృష్టం. భాగ్య కడ్డీని ఎడమ మోచేతికి ఆనించి పట్టుకుంది, గొర్రెను ఒడిలోకి తిప్పుకున్నట్టు. కత్తిని నొక్కలేదు, దాని బరువుకు అదే జారనిచ్చింది. పలచటి పొర, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తెగకుండా వచ్చింది. చుట్టూ తిప్పుకుంటూ మరో పొర. ఒక పొర అయ్యాక గ్లౌజులు మార్చింది, కత్తి మార్చింది. మళ్ళీ మొదలు. చిన్నప్పటి నుంచి బొచ్చు కత్తిరించిన చేతులవి. కింద చర్మం ఉందని, దానికి గాటు పడకూడదని ఆ చేతులకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. అద్దం అవతల ఈరమ్మ పెదవులు కదులుతున్నాయి, చెయ్యి కూడా గాలిలో కూతురి చెయ్యి పోయినట్టే పోతోంది. నేను చాలామంది పనిమంతులను చూశాను. అంత శ్రద్ధ, అంత ఒడుపు ఒకే మనిషిలో ఉండగా చూడడం అదే మొదలు. చలికి నా పళ్ళు కొట్టుకుంటున్నా బయటికి రాబుద్ధి కాలేదు.

ప్రతి పొరనూ విడిగా పరీక్షించాం. బయటి పొరలో సీసం దండిగా ఉంది. దాని కింది పొరలో తగ్గింది. మూడో పొర తీశాక, లోపలి మంచులో, మా మిషన్ పట్టుకోగలిగిన హద్దు దాకా తగ్గిపోయింది. సోడియం ఉంది, ఇనుము ఉంది, కాల్షియం ఉంది. దుమ్ము ఎక్కువున్న కడ్డీల నుంచే ఎక్కువ రంగులు మొలిచాయి. దుమ్ముకూ జీవానికీ సంబంధం ఉందా అన్న భాగ్య ప్రశ్నకు జవాబు ఆ మూడు పొరల కింద భద్రంగా ఉంది. సీసం వార్త పోయింది. మా యజమాని గారు ఒక నిట్టూర్పు విడిచి, తర్వాత అందరికీ తనే టీ చెప్పారు.

పరీక్ష అయ్యాక మిగిలిన నమూనాలను మామూలుగా సింకులో పారబోస్తాం. ఆ రోజు గీకిన తునకల్లో పరీక్షకు తీయగా మిగిలినవి ఒక గిన్నెలో ఉన్నాయి. భాగ్య ఆ గిన్నె తీసుకుని నా వైపు చూసింది. నమూనాలను ఒట్టి చేతులతో ఎవరూ ముట్టరాదన్నది నేనే గోడకు అంటించిన నియమం. నేను కిటికీలోంచి అనంతగిరి గుట్టలు చూడడం మొదలుపెట్టాను. వెనకాల ఈరమ్మ గొంతు వినపడింది: “అబ్బ, ఎంత సల్లగున్నది బిడ్డా! గిది మీద నడిచినవా నువ్వు?” ఆ తర్వాత ఆమె చేతులను సబ్బు పెట్టి నేనే కడిగించాననుకోండి, అది వేరే సంగతి.

మరుసటి ఏడు భాగ్య తన యూనివర్సిటీలో సెమినార్ ఇచ్చింది. మమ్మల్ని పిలిచింది. ఈరమ్మ తాండూరులో ఎక్కిన రైలే నేను వికారాబాద్‌లో ఎక్కాను. హాల్లో ఇద్దరం వెనక వరుసలో కూర్చున్నాం. ఆ అమ్మాయి లోపలి మంచు ఫలితాలతో మొదలుపెట్టి, పాడైన ట్యూబుల సంగతి ఒక్క వాక్యంలో దాటవేయొచ్చు. నేనైతే అదే చేసేదాన్నేమో. ఆమె మొట్టమొదటి స్లైడుగానే ఆ సీసం గ్రాఫు పెట్టింది. పొట్టి పొట్టి గీతల మధ్య ఒకే ఒక్క గీత, తెర పైఅంచు దాకా.

ఇంగ్లీషులో చెప్పుకుపోతోంది. ఇది హిమనదంలోని సీసం కాదు, మా అమ్మ ప్రేమగా పెట్టిన బొట్టు. బొట్టు పెట్టెకే పెట్టింది. దాన్ని లోపలికి మోసింది నా గ్లౌజులు, ఆ తప్పు నాది. ఇంత చిన్నది చాలు, ఒక హిమనదం గురించి మనం అబద్ధం చెప్పడానికి. హాల్లో ముందు నవ్వులు, తర్వాత కొందరు రాసుకోవడం మొదలుపెట్టారు. ముందు వరుసలో ప్రొఫెసర్ గారు తలూపుతున్నారు. ఆ ఏడు వెళ్ళబోయే జట్టులో భాగ్య పేరు ఉందని ఆయన అంతకు ముందే నాతో చెప్పారు. ఆమె పనిలో జరిగిన తప్పు కన్నా, దాన్ని ఆమె వెతికి పట్టుకుని బయటపెట్టిన తీరే ఆయనకు గుర్తుండిపోయిందట.

అప్పటి నుంచి నా బెంచి మీద ఏ అంకె ఎగిరిపడినా, అది వచ్చిన ఊరిని అనుమానించే ముందు, దారిలో దాన్ని ఎవరు, ఎంత ప్రేమగా ముట్టుకున్నారో అడుగుతున్నాను. కొత్తగా చేరిన పిల్లలకు పీపీబీ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ రోజు హాల్లో జరిగింది చెబుతాను.

భాగ్య మాట్లాడుతుండగా ఈరమ్మ నా మోచెయ్యి తట్టింది.

“గా పొడుగు గీత ఏంది చెల్లె? అందరు దాన్నే సూస్తున్నరు.”

“అది నువ్వు పెట్టిన బొట్టు అక్కా.”

ఆమె తెర వైపు చూసింది. తెర పైఅంచు దాకా లేచిన ఆ గీతను కింది నుంచి పై దాకా చూసింది. తర్వాత తన ఉంగరం వేలి కొస నాకు చూపించి, ఎవరూ వినకుండా, కాస్త కోపంగానే అంది:

“గంత పెద్దగ పెట్టలె చెల్లె నేను. గింతే పెట్టిన.”